అన్నీ కలిసే ఉంటాయి సార్

దుకాణం కుర్రవాడు చేతివల నీళ్లలో ముంచి పట్టుకుని నా మాట కోసం చూస్తున్నాడు. తొట్టిలో రెండు ఒరాండా గోల్డ్ ఫిష్‌లు, తల మీద ఎర్రటి కుచ్చు టోపీలతో, ఎటు వెళ్లాలో తేల్చుకోలేని పెద్దమనుషుల్లా తోకలూపుతూ తిరుగుతున్నాయి. వాటి కిందుగా నీలం గీతలు మెరుస్తూ నియాన్ టెట్రాల గుంపు. "ఇవన్నీ ఒకే తొట్టిలో పెట్టుకోవచ్చా?" అని అడిగాను. అతను తల కూడా తిప్పలేదు. "అన్నీ కలిసే ఉంటాయి సార్. ఇక్కడ ఉండటం లేదా?" అన్నాడు.

నిజమే, కళ్లెదుటే ఉన్నాయి. పైగా నాకు కావలసిన జవాబూ అదే. దుకాణంలోకి అడుగుపెట్టక ముందే మనసులో తొట్టి సర్దేసుకున్నాను: మధ్యలో బంగారు రంగు, పైన ఏంజెల్ చేపల వెండి చారలు, కింద నీలం మెరుపులు. అతను కాదని ఉంటే, అవుననేవాడు దొరికేదాకా ఇంకో నాలుగు దుకాణాలు తిరిగేవాణ్ణేమో.

ఆ పూట ఇంటికి చేరినవి రెండడుగుల గాజు తొట్టి, రంగు రాళ్లు, ఒక ఫిల్టరు, ఒక హీటరు, నా అరచేతిలో సగం వచ్చే ఒరాండాలు రెండు, నియాన్ టెట్రాలు ఆరు, నాణెమంత ఏంజెల్ చేపలు రెండు. లెక్క చూసుకుంటున్నప్పుడు, గాజుకు పట్టిన నాచంతా తినేస్తుందంటూ కుర్రవాడు చేర్చిన సక్కర్ ఫిష్ ఒకటి. నిండా నింపినా 55 లీటర్లు పట్టని తొట్టి. అందులో పదకొండు ప్రాణాలు. ఇల్లు కట్టిన రోజే గృహప్రవేశం చేసి, బంధువులందరినీ పిలిచి, మీరిక ఇక్కడే ఉండిపోండి అన్నట్టయింది నా పని.

మొదటి మూడు రోజులు మా ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు.

నాలుగో రోజు పొద్దున చూస్తే నీళ్లు పలచని పాలలా ఉన్నాయి. అమ్మ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆ పెద్దది ఆవలిస్తోందిరా" అంది. ఒరాండా నీటి పైకి వచ్చి నోరు గుండ్రంగా తెరుస్తోంది, మూస్తోంది. ముద్దుగా ఉందని నేను ఫోనులో వీడియో కూడా తీశాను. అది ఆవలింత కాదనీ, ఊపిరి అందక గాలికి దగ్గరగా ఉన్న పైపొర నీటి కోసం పడుతున్న పాట్లనీ తెలిశాక ఆ వీడియో చెరిపేశాను.

మురికి పడితే కడగాలి. అంతకుమించి నాకు తెలిసింది లేదు. నీళ్లన్నీ పారబోసి, రాళ్లు రుద్ది, ఫిల్టరులో ఉన్న స్పాంజిని కుళాయి కింద పట్టి తెల్లబడేదాకా పిండి, మళ్లీ నిండా నింపాను. చేసిన పనికి నాకు నేనే మెచ్చుకున్నాను. రెండు రోజులు తిరిగేసరికి మళ్లీ పాలనీళ్లు, మళ్లీ ఆవలింతలు. ఈసారి టెట్రాల ఎరుపు కూడా వెలిసిపోయినట్టు కనిపించింది.

అప్పుడు నీళ్ల పరీక్ష కిట్ తెచ్చాను. నిజానికి చేపలకంటే ముందు కొనాల్సిన వస్తువు అది. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల తొట్టి నీళ్లు పోసి, ఒక సీసాలోంచి 8 చుక్కలు, రెండో సీసాలోంచి 8 చుక్కలు వేసి, మూత బిగించి ఊపి, 5 నిమిషాలు ఆగాలి. పసుపు రంగు ఉండిపోతే అమ్మోనియా లేనట్టు. మా గొట్టంలో మొదట పసుపే ఉంది. అమ్మా నేనూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అడుగు నుంచి నెమ్మదిగా పచ్చదనం పాకింది. అయిదో నిమిషానికి చిక్కటి ఆకుపచ్చ. అట్ట మీది రంగులతో పోల్చి చూస్తే 4 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల నీటికి 4 పాళ్లు. ఉండాల్సింది సున్నా.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు చివరికి అమ్మోనియాగా మారి, ఎక్కువగా మొప్పల గుండానే నీళ్లలో కలుస్తాయి. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోదాన్ని చేపలు కొంతవరకు తట్టుకుంటాయి, వారం వారం కొంత నీరు మార్చితే అదుపులో ఉంటుంది. అయితే ఈ బాక్టీరియా చేపలతోపాటు సంచిలో రాదు. స్పాంజి మీద, రాళ్ల మీద పొరలా పెరగాలి. కొత్త తొట్టిలో అందుకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నా తొట్టిలో అది మొదలైందో లేదో తెలియదు కానీ, మొదలై ఉంటే మాత్రం కుళాయి కింద నేనే కడిగేశాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిపేదే సూక్ష్మజీవులను చంపడానికి కదా. అదే క్లోరిన్ చేప మొప్పలనూ కాలుస్తుంది. దాన్ని విరిచే మందు నాలుగు చుక్కలు వేయాలని కూడా అప్పటిదాకా నాకు తెలియదు.

ఇక రోజూ మూడో వంతు నీరు తీసి, మందు కలిపిన కొత్త నీరు పోయడం పనిగా పెట్టుకున్నాను. అమ్మోనియా 4 నుంచి 1కి దిగింది. కానీ అంతకంటే దిగనంది. లెక్క తప్పింది బాక్టీరియా దగ్గర ఒక్కచోటే కాదని మెల్లగా అర్థమైంది. గోల్డ్ ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు. గొంతులో ఉండే పళ్లతో నమిలి మింగినది నేరుగా పేగుల్లోకి పోతుంది. ఒకేసారి తిని కడుపులో దాచుకునే వీలు లేదు కాబట్టి రోజంతా రాళ్లు కెలుకుతూ ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూనే ఉంటుంది, ఆ లెక్కనే మలినం కూడా. ఆరు టెట్రాలు కలిసి చేసే మురికి కంటే ఒక్క ఒరాండా చేసేదే ఎక్కువ. 55 లీటర్లలో రెండు ఒరాండాలంటే, మిగతా చేపలు లేకపోయినా ఇరుకే.

ఈలోగా హీటరు సంగతి. దుకాణంలో పెట్టి ఇచ్చినట్టే 27 డిగ్రీల దగ్గర ఉంచాను. టెట్రాలకు, ఏంజెల్ చేపలకు అది హాయి. రెండూ అమెజాన్ నదీ పరీవాహకపు వెచ్చటి నీళ్లలో పుట్టిన జాతులు. గోల్డ్ ఫిష్ కథ వేరు. చైనాలో వెయ్యేళ్ల కిందట చెరువుల్లో పెంచుకున్న కార్ప్ జాతి చేపల్లో ఎర్రగా, పసుపుగా పుట్టినవాటిని ఏరి, వాటి పిల్లల్లోంచి మళ్లీ ఏరి, తరతరాలుగా తయారుచేసుకున్న చేప అది. చల్లటి నీళ్ల ప్రాణి. ఒరాండాలాంటి పొట్టి శరీరపు రకాలు 20 నుంచి 23 డిగ్రీల దగ్గర కుదురుగా ఉంటాయి. వేడి నీళ్లలో చేప వెంటనే చచ్చిపోదు, అదే మనల్ని మోసం చేస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది, 28 దగ్గర 8 కూడా ఉండదు. అదే సమయంలో చేప ఒంట్లో అన్ని పనులూ వేగం పుంజుకుని ఎక్కువ ఆక్సిజన్ కోరతాయి. అందేది తగ్గుతుంది, కావలసింది పెరుగుతుంది. పైగా వేడి పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా కూడా పెరుగుతుంది.

సరే, మధ్యేమార్గం అని హీటరును 24కు తగ్గించాను. ఒకరికి దుప్పటి, ఒకరికి ఫ్యాను కావలసిన గదిలో ఫ్యాను ఒకటో నంబరులో తిప్పినట్టయింది. ఒరాండాలు ఇంకా పైకి వచ్చి గాలి పీలుస్తూనే ఉన్నాయి. ఏంజెల్ చేపలు హీటరు పక్కనే నిలబడిపోయి, మేత వేసినా నింపాదిగా వచ్చేవి. అవి వచ్చేలోపు ఒరాండాలు ఊడ్చేసేవి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 23, 24 డిగ్రీల దగ్గర ఒరాండాలతోపాటు కొన్ని గట్టి రకం చేపలను ఏళ్ల తరబడి పెంచేవారు ఉన్నారు. చల్లటి నీటికి అలవాటైన వైట్ క్లౌడ్ మిన్నోలను గోల్డ్ ఫిష్‌లతో ఉంచేవారూ ఉన్నారు. వాళ్ల తొట్లు నా తొట్టికి నాలుగు రెట్లు ఉంటాయి, ఫిల్టర్లు రెండేసి ఉంటాయి, ఏ చేపను దేని పక్కన పెడుతున్నారో వాళ్లకు తెలుసు. అది నేర్పు. నేను చేసింది ఆత్రం.

నియాన్లు తగ్గుతున్నాయని మొదట కనిపెట్టింది అమ్మే. ఆమెకు పొద్దున్నే లెక్కపెట్టే అలవాటు. "అయిదే ఉన్నాయిరా" అంది ఒక రోజు. ఎక్కడో రాయి వెనక ఉంటుందిలే అన్నాను. రెండు రోజుల తర్వాత నాలుగు. శవం లేదు, ఫిల్టరు గొట్టంలో ఇరుక్కున్న జాడ లేదు. ఒక తెల్లవారుజామున నీళ్లు తాగడానికి లేచి, ఫోను వెలుగు తొట్టి మీద వేశాను. పెద్ద ఒరాండా నోటి మూలలో చిన్న తోక కొస ఒకటి, ఇంకా కొంచెం నీలంగా మెరుస్తూ కనిపించింది. రెండు సార్లు నోరు కదిపింది. లోపలికి పోయింది. తర్వాత ఏమీ జరగనట్టు రాళ్లు కెలుక్కోవడం మొదలుపెట్టింది.

బతికుండగా మింగిందో, నీరసపడి తేలినదాన్ని మింగిందో చెప్పలేను. దాన్ని తప్పుపట్టడానికీ లేదు. గోల్డ్ ఫిష్ క్రూరమైన చేప కాదు, వేటాడే చేప కూడా కాదు. నోట్లో పట్టేది ఏదైనా తిండే దానికి. దుకాణంలో అమ్మే నియాన్ పిల్ల రెండు సెంటీమీటర్లు ఉంటుంది. ఒరాండా నోరు రోజురోజుకూ పెద్దదవుతుంది. దుకాణంలో కలిసే ఉన్నాయంటే, ఆ వారానికి నోరు చాల్లేదని అర్థం కూడా కావచ్చు.

అదే వెలుగులో ఇంకొకటి చూశాను. రెండో ఒరాండా తొట్టి మూలలో కదలకుండా నిలబడి ఉంది. దాని ఒంటికి, సరిగ్గా పొట్ట మీద, సక్కర్ ఫిష్ అతుక్కుని ఉంది. వెలుగు పడగానే వదిలి రాళ్లలోకి దూరింది. అది వదిలిన చోట పొలుసుల మెరుపు పోయి ఎర్రగా పుండులా ఉంది. గోల్డ్ ఫిష్ ఒంటి మీద ఉండే జిగురు పొర సక్కర్ ఫిష్‌కు రుచి తగిలితే ఇక వదలదట. పైగా గోల్డ్ ఫిష్ నిదానస్తురాలు, విదిలించుకోలేదు. కొత్త తొట్టిలో నాచు ఎక్కడుంది, అది మాత్రం ఏం తింటుంది? గాజు శుభ్రం చేయడానికి తెచ్చిన ఆ చేప సరిగ్గా పెరిగితే 30 సెంటీమీటర్లు దాటుతుందని ఆ రోజే తెలిసింది. మా తొట్టి వెడల్పు కూడా సరిగ్గా 30 సెంటీమీటర్లే.

ఇంత చూశాక మనిషన్నవాడు ఆగాలి. నేను దుకాణానికి వెళ్లి ఇంకో నాలుగు నియాన్లు తెచ్చాను. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గు కూడా. టెట్రాలు గుంపుగా ఉంటే తప్ప ధైర్యంగా ఉండవని చదివాను, అందుకని గుంపు పెంచాను. సగం చదివినవాడి తెలివి ఇలాగే ఉంటుంది. సంచి విప్పి, నీళ్లతో సహా తొట్టిలోకి గుమ్మరించాను.

వారం గడవకముందే టెట్రాల రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మర్నాటికి ఏంజెల్ చేపల మీద. మూడో రోజుకు ఒరాండాల తోకల మీద. చేపలు రాళ్లకు ఒళ్లు రాసుకుంటున్నాయి. పెంపకందార్లు ఇక్ అని పిలిచే తెల్ల మచ్చల జబ్బు ఇది. మనకు కనిపించే ఆ చుక్క మచ్చ కాదు, చర్మం కిందకు చేరి తింటున్న ఒక పరాన్నజీవి. అది ఎదిగి, చేపను వదిలి అడుగుకు జారి, చుట్టూ తిత్తి కట్టుకుని, లోపలే వందలుగా చీలి, ఆ పిల్లలన్నీ మళ్లీ చేప కోసం ఈదుకుంటూ వస్తాయి. మందు పనిచేసేది ఈదే దశలో ఉన్నప్పుడే. చర్మం కింద ఉన్నప్పుడూ, తిత్తిలో ఉన్నప్పుడూ దాన్ని ఏమీ చేయలేం. చుక్కలు పోయాయి కదా అని మందు ఆపేస్తే వారంలో రెట్టింపుగా వస్తుంది.

నా అసలు కష్టం ఇక్కడ మొదలైంది. వెచ్చటి నీళ్ల చేపలకు ఈ జబ్బు వస్తే చాలామంది చేసే పని, నీళ్లను 30 డిగ్రీల దాకా మెల్లగా వేడి చేయడం. వేడిలో పరాన్నజీవి జీవిత చక్రం త్వరగా తిరుగుతుంది, మందుకు త్వరగా చిక్కుతుంది. కానీ 24 డిగ్రీల దగ్గరే ఆవలిస్తున్న ఒరాండాను 30 డిగ్రీల్లో పెట్టడమంటే దాని ఊపిరి తీయడమే. గోల్డ్ ఫిష్‌లకు ఉప్పు వైద్యం బాగా పడుతుంది. టెట్రాలు, సక్కర్ ఫిష్ ఉప్పును అంతగా ఓర్చుకోలేవు. పోనీ సీసా మందు వేద్దామంటే, అట్ట మీద సన్నటి అక్షరాల్లో, టెట్రాలకు సగం మోతాదే వాడాలని రాసి ఉంది. సగం మోతాదు ఒరాండాలకు చాలుతుందా? జబ్బు ఒక్కటే, నీళ్లూ ఒక్కటే. ఒకరికి వైద్యం చేస్తే ఇంకొకరికి ప్రాణం మీదకు వస్తుంది. సీసా చేతిలో పట్టుకుని తొట్టి ముందు ఎంతసేపు నిలబడ్డానో.

అమ్మే తేల్చింది. "విడదీయరా. వేరు కాపురాలు పెట్టు" అంది.

బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఉంది. సబ్బు వాసన పోయేదాకా ఉత్త నీళ్లతో పదిసార్లు కడిగి, ఎండబెట్టి, 70 లీటర్లు నింపి, క్లోరిన్ విరిచే మందు వేశాను. ఎయిర్ పంపు, దాని గాలిని నీళ్లలో బుడగలుగా వదిలే గాలి రాయి కొత్తగా తెచ్చాను. ఫిల్టరు స్పాంజిని, ఈసారి కుళాయి కింద కాదు, తొట్టి నీళ్లలోనే తడిపి కత్తెరతో రెండు ముక్కలు చేసి ఒక ముక్క టబ్బులో వేశాను. ఒరాండాలను వలతో కాకుండా గిన్నెతో తీశాను, వలకు వాటి తల కుచ్చు, రెక్కలు చిక్కుకుంటాయి. లీటరుకు 2 గ్రాముల ఉప్పు ఒక్కసారిగా వేయకుండా, రెండు రోజుల మీద నాలుగు విడతలుగా కరిగించి పోశాను. గాజు తొట్టిలో హీటరును గంటల తరబడి ఒక్కొక్క డిగ్రీ పెంచుతూ 30కి తెచ్చి, సగం మోతాదు మందు వేసి, నీటిపైన బుడగలు ఎక్కువయ్యేలా ఇంకో గాలి రాయి పెట్టాను. రెండింటిలోనూ రోజు విడిచి రోజు అడుగు మురికి గొట్టంతో లాగి పారబోయడం, పోసిన నీటికి సరిపడా ఉప్పు, మందు మళ్లీ కలపడం. ఒక నోటు పుస్తకం పెట్టి అన్నీ రాసుకున్నాను. ఆ పుస్తకం ముందే పెట్టి ఉంటే ఇంత రాయాల్సి వచ్చేది కాదు.

పదహారు రోజులు పట్టింది. టెట్రాల్లో మూడు, ఏంజెల్ చేపల్లో ఒకటి పోయాయి. సక్కర్ ఫిష్‌కు ఏమీ కాలేదు. ఒరాండాల్లో పొట్ట మీద పుండు ఉన్నది తొమ్మిదో రోజు రాత్రి పక్కకు ఒరిగింది. దాని ముఖం గాలి రాయి వైపు తిప్పి చాలాసేపు చేత్తో పట్టుకున్నాను. మొప్పలు ఇంత తెరుచుకునేవి, ఆగేవి, మళ్లీ తెరుచుకునేవి. చివరికి ఆగిపోయాయి. ఇంటి ముందు మొక్క మొదట్లో పాతిపెట్టాం. అమ్మ ఆ పూట లెక్కపెట్టలేదు.

కోపంగా దుకాణానికి వెళ్లాను. కుర్రవాడు లేడు, యజమాని ఉన్నాడు. పెద్దాయన. నేను గొంతు పెంచి చెప్పిందంతా విన్నాడు. తర్వాత, వాదించకుండా, నన్ను తొట్ల వరస వెనక్కి తీసుకెళ్లాడు. ముప్పై తొట్ల నుంచీ గొట్టాలు దిగి కింద ఒకే పెద్ద తొట్టిలోకి పోతున్నాయి. అక్కడ వడకట్టిన నీళ్లు మళ్లీ పంపుతో అన్నింటికీ ఎక్కుతున్నాయి. "ఇంత నీరు, ఇంత వడపోత ఉంది కాబట్టి ఇక్కడ నడుస్తుంది సార్. అయినా వారానికి మించి ఏ చేపా నా దగ్గర ఉండదు, అమ్ముడుపోతుంది" అన్నాడు. ఒక తొట్టికి జబ్బు వస్తే? "అన్నింటికీ వస్తుంది" అన్నాడు, దాచకుండా. ముందే అడిగి ఉంటే ముందే చెప్పేవాడేమో. నేను కలిసి ఉంటాయా అని అడిగాను. కుర్రవాడు తను చూసిన వారం లెక్కన ఉంటాయన్నాడు. గోల్డ్ ఫిష్ సరిగ్గా చూసుకుంటే పదేళ్లు, ఇరవై ఏళ్లు బతుకుతుంది. బ్రిటన్‌లో టిష్ అనే గోల్డ్ ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. నా ప్రశ్నలో ఎంతకాలం అనేదే లేదు. అలాగని దుకాణం తప్పేమీ లేదనను. ఇరవై ఏళ్లు బతికే ప్రాణిని చేతిలో పెట్టేటప్పుడు, తొట్టి ఎంత, ఎప్పుడు నింపారు అని రెండు ప్రశ్నలు అడగడానికి నిమిషం పట్టదు.

సక్కర్ ఫిష్‌ను ఆయన వెనక్కి తీసుకున్నాడు. అంతకు ముందు దాన్ని దగ్గర్లోని చెరువులో వదిలేయమని తెలిసినాయన ఒకరు సలహా ఇచ్చారు. పుణ్యం కూడా అన్నారు. ఇలా వదిలేసిన సక్కర్ ఫిష్‌లు, గోల్డ్ ఫిష్‌లు ఎన్నో దేశాల్లో చెరువులను, కాలువలను ఆక్రమించి అక్కడి చేపలకు తిండి లేకుండా చేస్తున్నాయి. పుణ్యం మాట అటుంచి, ఆ చెరువు చేసిన పాపం ఏమిటి?

మిగిలిన ఒరాండా కోసం 150 లీటర్ల తొట్టి తెచ్చాను. ఈసారి ఖాళీ తొట్టిలో నీళ్లు, ఫిల్టరు, పాత స్పాంజి ముక్క మాత్రమే. చేప లేకుండా కొద్దిగా అమ్మోనియా ద్రావణం పోసి, 2 పీపీఎం వచ్చేలా చూసి, రోజూ పరీక్ష. అమ్మ చుట్టాలకు ఫోనులో చెబుతోంది: "మావాడు ఖాళీ నీళ్లకు మేత వేస్తున్నాడు" అని. పది రోజులకు అమ్మోనియా తగ్గి నైట్రైట్ ఊదా రంగులో ఎగసింది. ఇరవై మూడో రోజున, పోసిన 2 పీపీఎం అమ్మోనియా ఇరవై నాలుగు గంటల్లో మాయమైంది, నైట్రైట్ కూడా సున్నా. పసుపు రంగు గొట్టం చూసి అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు. చాలా నీరు మార్చి నైట్రేట్ తగ్గించి, టబ్బులోంచి ఒరాండాను అందులోకి మార్చాను. హీటరు పెట్టలేదు. నీళ్లు 21, 22 మధ్య ఉంటున్నాయి. ఆవలింతలు ఆగిపోయాయి. పాత తొట్టిలో నియాన్లను పదికి పెంచాలనుకుంటున్నాను. ఉన్న ఒక్క ఏంజెల్ పెద్దదయితే వాటినే తింటుందని తెలిసి, దాన్ని కూడా దుకాణంలోనే ఇచ్చేశాను.

ఒరాండా ఒంటరిగా అయిదు నెలలు ఉంది. తోడు కోసం మళ్లీ అదే దుకాణానికి వెళ్లాను, ఈసారి ఖాళీ చేతులతో మూడుసార్లు తిరిగొచ్చాను. మొదటిసారి తొట్టి మూలలో ఒక చచ్చిన చేప కనిపించింది, అదే నీళ్లు అన్నింటికీ పోతాయని తెలుసు కాబట్టి ఏమీ అడగకుండానే వచ్చేశాను. రెండోసారి సరుకు ఆ పొద్దునే దిగింది. ప్రయాణంలో అలసిన చేప బాగుందో లేదో ఆ రోజు చూసి చెప్పలేం. మూడోసారి నచ్చిన చేప రెక్కలు ఒంటికి అదిమి పెట్టుకుని అడుగున కూర్చుంది. నాలుగోసారి వెళ్లి అరగంట నిలబడ్డాను. కొంచెం మేత వేయమని అడిగాను. కుర్రవాడు వేశాడు. తెలుపు మీద ఎరుపు మచ్చలున్న చిన్న ఒరాండా ఒకటి అందరికంటే ముందు వచ్చి, గింజ నోట్లో వేసుకుని, ఉమ్మి, మళ్లీ వేసుకుంది. రెక్కలు విప్పి ఉన్నాయి, రెండు మొప్పలూ సమంగా కదులుతున్నాయి, వెనక నుంచి చూస్తే పొట్ట రెండు వైపులా ఒకేలా ఉంది. "అదే" అన్నాను.

"ఇంట్లో ఏమున్నాయి సార్?" అని అడిగాడు కుర్రవాడు సంచి కడుతూ. ఈ ప్రశ్న అతను ఇంతకు ముందు అడగలేదు. పెద్దాయన చెప్పి ఉంటాడనుకున్నాను.

ఇంటికి తెచ్చి, సంచిని ఇరవై నిమిషాలు టబ్బు నీళ్లపై తేలనిచ్చి, సంచి నీళ్లు లోపల పడకుండా చేపను మాత్రం చేత్తో ఎత్తి వదిలాను. పెద్ద తొట్టిలోకి కాదు, అదే పాత టబ్బులోకి. నాలుగు వారాలు అక్కడే. టబ్బు వల, గొట్టం, బకెట్టు అన్నీ వేరు. ఒక తొట్టిలో పెట్టిన చెయ్యి కడుక్కోకుండా రెండోదాంట్లో పెట్టను. మొదటి రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు నుంచి గింజలు నానబెట్టి వేస్తున్నాను. పైకి వచ్చి గాలి మింగుతూ తినే అలవాటు వల్ల ఈ పొట్టి చేపలకు తేలిపోయే జబ్బు రావచ్చని, నానిన గింజ అడుగుకు మునుగుతుందని. పాత ఒరాండాకు తల కుచ్చు పెరిగి ఎడమ కంటి మీదకు వాలుతోంది. అటువైపు వేసిన గింజ దానికి కనిపించదు. అందుకే కుడివైపే వేస్తున్నాను.

అమ్మ మళ్లీ పొద్దున్నే లెక్క మొదలుపెట్టింది. తొట్టిలో ఒకటి, టబ్బులో ఒకటి. ఇవాళ పంతొమ్మిదో రోజు. "ఇంకా ఎన్నాళ్లురా, పాపం రెండూ ఒంటరిగా?" అంది. తొమ్మిది రోజులు అన్నాను. క్యాలెండరు మీద గీత ఆమే కొడుతోంది.